ఆరో నంబరు మూత

మౌక్తిక సూరత్ వచ్చి మూడేళ్లయింది. రాజమండ్రిలో ఇంజనీరింగ్ చదివి, హైదరాబాద్‌లో ఏడాదిపాటు ఇంటర్వ్యూల చుట్టూ తిరిగి, ఎవరూ పోటీకి రాని ఉద్యోగమొకటి దొరికితే ఇంట్లో వాళ్లు వద్దంటున్నా రైలెక్కి వచ్చేసింది. ఆఫీసు రింగ్ రోడ్ మీద ఒక బట్టల మార్కెట్ ఐదో అంతస్తులో ఉంది. కింది నాలుగు అంతస్తుల్లోనూ చీరల కట్టలు ఎక్కుతూ దిగుతూ ఉంటాయి. లిఫ్టులో మనుషుల కంటే కట్టలకే ముందు చోటు. పైన ఒకే గదిలో ఏడుగురు మనుషులు, రెండింతల కంప్యూటర్లు. యజమాని కేతన్‌భాయ్. పాండేసరలో బట్టకు రంగు వేసే మిల్లులు పన్నెండింటికి ఆయన సాఫ్ట్‌వేర్ ఇస్తాడు. యంత్రం ఎప్పుడు వేడెక్కాలి, ఎప్పుడు చల్లారాలి, మూత ఎప్పుడు తీయవచ్చు, అన్నీ అదే చెబుతుంది.

ఆ సాఫ్ట్‌వేర్‌ను రాసేది మిగతావాళ్లు. మౌక్తిక పని దాన్ని ప్యాకేజీగా కట్టి మిల్లులకు పంపడం. వినడానికి చిన్న పనే. ఫైళ్లన్నీ ఒకచోట చేర్చి, ఏది ఎక్కడికి పోవాలో జాబితా రాసి, మిల్లులోని కంప్యూటర్ దాన్ని తనంతట తాను విప్పుకుని సర్దుకునేలా చేయాలి. కానీ అందులో చిక్కు ఒకటుంది. కొన్ని ఫైళ్లు మనం పంపినవి పంపినట్టే ఉంటాయి. మరికొన్ని మిల్లు చేరాక మారతాయి. అక్కడి మనుషులు వాటిలో తమ యంత్రాల సంగతులు రాసుకుంటారు. కొత్త ప్యాకేజీ వచ్చినప్పుడు మొదటి రకం ఫైళ్లను తుడిచి కొత్తవి పెట్టాలి. రెండో రకం వాటిని ముట్టుకోకూడదు. ఏది ఏ రకమో జాబితాలో గుర్తు పెట్టాల్సింది మౌక్తికే.

ఆ రెండో రకం ఫైలు ఎలా ఉంటుందో ఆమెకు చూపించినవాడు నర్సింగం.

నిరుడు జూన్‌లో ఒక మిల్లులో సాఫ్ట్‌వేర్ పెట్టడానికి ఆమె వారం రోజులు పాండేసర వెళ్లింది. ఆ మిల్లులో పది జెట్ మెషిన్లున్నాయి. జెట్ అంటే మనిషెత్తు మీద అడ్డంగా పడుకోబెట్టిన ఇనుప పీపా లాంటిది. లోపల బట్ట, రంగు నీళ్లు వేసి, మూత బిగించి, నూట ముప్పై డిగ్రీల దాకా వేడి చేస్తారు. మూత బిగించి ఉన్నంతసేపూ నూరు దాటినా నీళ్లు మరగవు. చల్లారకుండా మూత తీస్తే మాత్రం లోపలున్నదంతా ఒక్కసారిగా మరిగి బయటికి తన్నుకొస్తుంది. అందుకే మూత పక్కన ఒక సెన్సర్, ఒక దీపం ఉంటాయి. వేడి ఎనభైకి దిగితే దీపం పచ్చబడుతుంది. పచ్చబడ్డాకే ఆపరేటర్ మూత తీయాలి.

నర్సింగం ఆ మిల్లులో ఫిట్టర్. జగిత్యాల దగ్గరి ఊరు. సూరత్ వచ్చి ఇరవై రెండేళ్లు. తెలుగు మాట్లాడే ఇంజనీరమ్మ వచ్చిందని తెలిసి, మొదటి రోజే తన టిఫిన్ డబ్బాలోంచి జొన్నరొట్టె తీసి పెట్టాడు. "మేడం" అని పిలిచేవాడు, తనను మాత్రం అన్న అనమనేవాడు. పది యంత్రాల సెన్సర్లనూ తన దగ్గరున్న థర్మామీటర్‌తో సరిచూసి, దేనికెంత తేడా ఉందో ఒక నోటుబుక్కులో రాసుకున్నాడు. తొమ్మిదింటికి ఒకటీ రెండూ డిగ్రీల తేడా. ఆరో నంబరుకు ఇరవై ఆరు.

"గీ సెన్సర్ దీనిది కాదు మేడం," అన్నాడు. "పాతది పోతె ఇంకో మెషిన్ది తెచ్చి ఇరికిచ్చిన్రు. ఎప్పుడూ ఇరవై ఆరు తక్కువ జూపిస్తది. కొత్తది తెప్పియ్యిర్రి అని మూడుసార్లు రాసిచ్చిన. తెప్పియ్యరు."

తేడా ఎంతో ఫైల్లో రాస్తే సాఫ్ట్‌వేర్ దాన్ని కలుపుకుని లెక్క వేస్తుందని మౌక్తిక చెప్పింది. ఆ ఫైలు ఎలా తెరవాలో, ఎలా రాయాలో నేర్పి, పాస్‌వర్డ్ ఇచ్చింది. అతను చూపుడువేలితో ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ పది యంత్రాలకూ పది అంకెలు రాశాడు. ఆరో నంబరు ఎదుట 26 కొట్టాక, అది నిజంగానే పనిచేస్తుందా లేదా అని ఆ రోజంతా ఆ యంత్రం దగ్గరే నిలబడి మూడు విడతలు చూసుకున్నాడు. అక్కడి ఆపరేటర్ దేవదాస్. ఇతనూ జగిత్యాల వైపు మనిషే. నర్సింగం పనిలో పెట్టించినవాడే. దీపం పచ్చబడ్డ ప్రతిసారీ నర్సింగం థర్మామీటర్ పెట్టి చూసి, దేవదాస్ భుజం తట్టి, ఇక భయం లేదన్నాడు.

మౌక్తిక ఆ ఫైలును మారే ఫైలుగానే గుర్తు పెట్టింది. ఆరు నెలలు బాగానే గడిచింది.

ఇబ్బంది ఆ గుర్తుతోనే మొదలైంది. అలా గుర్తు పెట్టిన ఫైలుకు కొత్త రూపం వచ్చినప్పుడు మిల్లులోని కంప్యూటర్ ఆగిపోయి ఒక ప్రశ్న వేస్తుంది: ఈ ఫైలు ఇక్కడ మారింది, మీది ఉంచాలా, కొత్తది పెట్టాలా? ఆ ప్రశ్న ఇంగ్లీషులో వస్తుంది. షిఫ్టులో ఉండే సూపర్‌వైజర్‌కు అదేమిటో తెలియదు. ఏది నొక్కితే ఏమవుతుందోనని నొక్కకుండా ఆఫీసుకు ఫోన్ చేస్తాడు. ఒక మిల్లులో ఫోన్ కలవక కంప్యూటర్ రెండు గంటలు ఆ ప్రశ్న దగ్గరే నిలిచిపోయింది. లోపల రంగులో ఉన్న బట్ట మచ్చలు పడింది. ఆ మిల్లు సేఠ్ కేతన్‌భాయ్‌ని పిలిచి పదిమంది ముందు నానా మాటలన్నాడు.

కేతన్‌భాయ్ ఆఫీసుకు వచ్చి, మెట్లెక్కిన ఆయాసం తీరకముందే మౌక్తిక బల్ల దగ్గరికొచ్చి, ఇక మీదట తన సాఫ్ట్‌వేర్ ఎవరినీ ఏ ప్రశ్నా అడగకూడదని చెప్పాడు. ఎలా చేస్తావో నాకు అనవసరం, బుధవారం అప్‌డేట్ వెళ్లాలి, ప్రశ్న రాకూడదు. అంతే.

దానికి సరైన దారి ఆమెకు తెలుసు. ఆ ఫైలును ప్యాకేజీ జాబితాలోంచే తీసేయాలి. ఖాళీ నమూనా ఒకటి వేరేచోట ఉంచి, మిల్లులో ఫైలు లేకపోతేనే ఆ నమూనాను అక్కడికి నకలు చేసేలా చిన్న స్క్రిప్టు రాయాలి. ఉంటే దాని జోలికి పోకూడదు. రాయడం, పాత కంప్యూటర్ల మీద పరీక్షించడం కలిపి సగం రోజు పని. అది సోమవారం మధ్యాహ్నం. ఆమె చేతిలో ఇంకా నాలుగు పనులున్నాయి. జాబితాలో ఆ ఫైలు పక్కనున్న గుర్తు ఒక్కటి చెరిపేస్తే ప్రశ్న రాదు. గుర్తు చెరిపేసింది. స్క్రిప్టు సంగతి తర్వాత చూడాలని తన పనుల పట్టీలో రాసుకుంది. ప్యాకేజీ కట్టి ఆఫీసులోని కంప్యూటర్ మీద పెట్టి చూసింది. ప్రశ్న రాలేదు. అన్నీ బాగానే ఉన్నాయి. ఆఫీసు కంప్యూటర్‌లో ఆ ఫైలును ఎవరూ ఎన్నడూ మార్చలేదు కాబట్టి, పోవడానికి అందులో ఏమీ లేదు.

బుధవారం సాయంత్రం అప్‌డేట్ పన్నెండు మిల్లులకూ వెళ్లింది. ఎక్కడా ఆగలేదు. కేతన్‌భాయ్ సంతోషించి అందరికీ లొచో టిఫిను తెప్పించాడు.

గురువారం పొద్దున పదకొండు దాటాక నర్సింగం ఫోన్ చేశాడు. అతని వెనక మనుషుల అరుపులు వినిపిస్తున్నాయి. అతను మాత్రం గొంతు పెంచలేదు.

"మేడం, ఆరో నంబర్ల మూత తీసినంక నీళ్లు మీదికెగిరినయ్. దేవదాస్ కాలిండు. దీపం పచ్చగనే ఉండె, నేను జూసిన. నా లెక్క ఉన్నదా లేదా జర సూడుర్రి."

ఆమె తన బల్ల దగ్గర నుంచే ఆ మిల్లు కంప్యూటర్‌లోకి వెళ్లి ఫైలు తెరిచింది. పది యంత్రాల ఎదుటా పది సున్నాలున్నాయి. చదవాల్సిన పనే లేకపోయింది. తెరిచేముందే ఆమెకు తెలుసు. చూసి చెబుతానని నర్సింగానికి చెప్పి ఫోన్ పెట్టేసింది.

ఆ తర్వాత గంటన్నర ఆమె మిగతా పదకొండు మిల్లులకూ ఫోన్లు చేసింది. తాము చెప్పేదాకా థర్మామీటర్ పెట్టి చూడకుండా ఏ మూతా తీయవద్దని చెప్పింది. కేతన్‌భాయ్ పక్కనే నిలబడి, నెట్‌వర్క్ సమస్య అని చెప్పు, ఇంకేం చెప్పకు, అంటున్నాడు. ఆమె అలాగే చెప్పింది. అన్ని మిల్లుల్లోనూ లెక్కలు పోయాయి. అదృష్టం కొద్దీ ఇంకెక్కడా తేడా రెండు మూడు డిగ్రీలు దాటి లేదు. ఆమె కేతన్‌భాయ్‌కి మొత్తం చెప్పింది, గుర్తు చెరిపేసిన సంగతితో సహా. ఆయన విని, కుర్చీలో కూర్చుని నుదురు రుద్దుకున్నాడు. తర్వాత, మిల్లుకు వెళదాం పద, అక్కడ అడిగినదానికే జవాబు చెప్పు, అన్నాడు.

మిల్లు మేనేజర్ గదిలో ఏసీ చల్లగా ఉంది. దేవదాస్‌ను అప్పటికే ఆసుపత్రికి తీసుకెళ్లారు. మెడ నుంచి తొడల దాకా కాలిందట. నర్సింగం బల్ల ముందు నిలబడి ఉన్నాడు. చొక్కా ముందు భాగమంతా నీలం రంగు నీళ్లతో తడిసి ఉంది. దేవదాస్‌ను లాగింది తనే కాబట్టి ముంజేతుల మీద బొబ్బలు లేచాయి. వాటికి ఎవరో పళ్లపొడి లాంటిదేదో పూశారు. గుమ్మం దగ్గర ఇద్దరు వాచ్‌మన్లు నిలబడ్డారు.

అందరి భయం అందరికీ ఉంది. ఆరో నంబరు మూతకు ఒత్తిడి ఉన్నంతసేపూ తెరుచుకోనివ్వని ఇనుప పిన్ను ఉండాలి. అది ఊరికే పట్టేస్తోందని మిల్లువాళ్లే తీసేశారు. సెన్సర్ మార్చలేదు. కేతన్‌భాయ్ సాఫ్ట్‌వేర్ లెక్క పోగొట్టింది. ఈ మూడింట్లో ఏ ఒక్కటీ ఆ గదిలో ఎవరూ ఎత్తలేదు. మేనేజర్ మౌక్తిక వైపు తిరిగి, ఫైల్లో ఇప్పుడు ఏముందని హిందీలో అడిగాడు.

సున్నా ఉంది, అంది.

ఇదివరకు ఇరవై ఆరు రాసింది ఎవరు?

నర్సింగం గారు.

ఆ ఫైలు మార్చడానికి పాస్‌వర్డ్ ఎవరెవరి దగ్గర ఉంది?

మా ఆఫీసులో ఉంది, నర్సింగం గారి దగ్గర ఉంది.

ఆఫీసు నుంచి ఎవరైనా ఈ ఫైలు తెరిచి సున్నా రాశారా, అని మేనేజర్ అడిగాడు. కేతన్‌భాయ్ ఆమెను చూశాడు. ఎవరూ తెరిచి రాయలేదు, అంది మౌక్తిక. అందులోనూ అబద్ధం లేదు.

నర్సింగం హిందీ ఆమె కంటే బాగా మాట్లాడతాడు. గుజరాతీ కూడా వచ్చు. అయినా అప్పుడు ఆమె వైపు తిరిగి తెలుగులోనే అన్నాడు.

"నేను ముట్టలేదని మీకెర్కే గద మేడం. జర చెప్పుర్రి."

ఏమంటున్నాడని మేనేజర్ అడిగాడు. తాను ముట్టుకోలేదని అంటున్నాడు, అని హిందీలో చెప్పింది. అతని మాట అతని మాటగానే అప్పజెప్పి ఊరుకుంది. మేనేజర్ తలూపాడు. వాచ్‌మన్లు నర్సింగాన్ని చెరో రెక్కా పట్టుకుని బయటికి నడిపించారు. అతను గింజుకోలేదు. గుమ్మం దాటేటప్పుడు ఒక్కసారి వెనక్కి చూశాడు, ఇంకా ఆమె ఏదో చెబుతుందేమో అన్నట్టు.

తిరిగి వస్తూ కారులో కేతన్‌భాయ్ ఆమెను ఓదార్చాడు. ఫిట్టర్‌కు ఏమీ కాదు, నాలుగు రోజులు పక్కన పెడతారు, తర్వాత ఇంకో మిల్లులో చూసుకుంటాడు, అన్నాడు. మన సంగతి బయటపడితే పన్నెండు మిల్లులూ పోతాయి, ఏడు కుటుంబాలు వీధిన పడతాయి. రేపు సరైన ప్యాకేజీ కట్టు, ఎల్లుండి నువ్వే వెళ్లి మిల్లులో పెట్టు. సగం దారిలో ఇంకో మాట కూడా అన్నాడు. ఆ ఫైలును ఒకసారి తెరిచి ఇరవై ఆరు రాసి మూసెయ్. అప్పుడు తేదీ కూడా సరిపోతుంది.

తేదీ సంగతి ఆమెకు అప్పటిదాకా తట్టలేదు. ఆఫీసుకు వచ్చి చూసింది. మిల్లులో ఎవరైనా చేత్తో ఫైలును మారిస్తే, మార్చిన నిమిషమే దాని మీద పడుతుంది. ప్యాకేజీతో వచ్చిన ఫైలు మాత్రం తాను తయారైన నాటి తేదీని వెంటబెట్టుకుని వస్తుంది. ఆ సున్నాల ఫైలు మీద సోమవారం సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలని ఉంది. ఆ సమయానికి అది ఈ ఐదో అంతస్తులో, తన బల్ల మీద ఉంది. నర్సింగం ముట్టుకోలేదనడానికి లోకంలో ఉన్న సాక్ష్యం ఆ ఒక్క వరుస. దాన్ని తుడవమని కేతన్‌భాయ్ తననే పంపుతున్నాడు.

శుక్రవారమంతా కూర్చుని ఆమె స్క్రిప్టు రాసింది. మధ్యాహ్నానికి అయిపోయింది. పాత ఫైలు పెట్టి పరీక్షించింది, అంకెలు చెక్కు చెదరలేదు. అంత తేలికగా అయిపోవడం ఆమెకు భరించరానిదిగా అనిపించింది. నర్సింగానికి నాలుగుసార్లు ఫోన్ చేసింది. స్విచాఫ్ అని వస్తోంది.

శనివారం మిల్లుకని బయలుదేరిన మనిషి ముందు ఆసుపత్రికి వెళ్లింది. ఎందుకు వెళ్లిందో ఆమెకే తెలియదు. కాలిన గాయాల వార్డు బయట వరండాలో, గోడకు ఆనుకుని ఒకామె కూర్చుని ఉంది. ఒళ్లో ప్లాస్టిక్ సంచి, అందులో మడతపెట్టిన ప్యాంటు, చొక్కా. పక్కన ఎవరో తెలుగులో మాట్లాడిస్తుంటే విని, ఈమే దేవదాస్ భార్య అని పోల్చుకుంది. పేరు సంతోషి. ముప్పై ఏళ్లుంటాయి. వడోద్‌లో ఒక గదిలో ఉంటారు. ఇంట్లోనే కూర్చుని చీరలకు రాళ్లు అతికిస్తుంది. వేళ్ల చివర్లు జిగురుతో తెల్లబడి ఉన్నాయి.

మౌక్తిక ఆమె పక్కన నేల మీద కూర్చుంది. ఎట్లా ఉందని అడిగితే, డాక్టర్లు ఏమీ చెప్పడం లేదని, పొద్దున నీళ్లడిగాడని సంతోషి చెప్పింది. ఆ తర్వాత అడగకుండానే తనే మాట్లాడింది. నర్సింగం లెక్క తప్పు రాశాడని మిల్లువాళ్లు ఆమెతో చెప్పారట. రెండు రోజులుగా అతన్ని మిల్లులోనే ఒక గదిలో ఉంచారట. ఒప్పుకున్నట్టు కాగితం మీద వేలిముద్ర వేయమంటున్నారట. అతను సంతకం వచ్చినవాడు. వేయనంటున్నాడట. కొడుతున్నారని గేటు దగ్గర చాయ్ అమ్మేవాడు చెప్పాడట.

"మాకు రూమ్ దొరికిచ్చింది గాయినే, పని వెట్టిచ్చింది గాయినే," అంది సంతోషి. "ఇప్పుడు గాయినను తిట్టాల్నా, ఏం జెయ్యాల్నో తెలుస్తలేదు. తిడుదామంటె నోరొస్తలేదు."

మౌక్తిక ఎదురుగా ఉన్న గోడకేసి చూస్తూ చెప్పింది. "నర్సింగం గారు ముట్టుకోలేదు. ఆ కంప్యూటర్ పని చేసేది నేనే. ఆయన రాసిన లెక్క నేను పంపినదాంట్లో కొట్టుకుపోయింది."

సంతోషికి వెంటనే అర్థం కాలేదు. మౌక్తిక మళ్లీ చెప్పింది, చిన్న చిన్న మాటల్లో. సంతోషి సంచిని ఒళ్లో ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. ఏడుస్తుందనుకుంది మౌక్తిక. ఏడవలేదు. సంతోషి అడిగింది.

"గీ మాట నాకెందుకు చెప్తున్నవ్?"

మౌక్తిక చూపు సంచిలోని మడత చొక్కా మీదికి పోయింది.

"నేనేం జెయ్యాలె దీన్ని? ఆడ చెప్పకపోతివి, మనిషిని కొడ్తుంటె. ఈడికొచ్చి నాకు చెప్తున్నవ్." ఆమె మొహం తిప్పేసుకుంది. "లేచిపో. చెప్పాల్సినకాడ చెప్పు పో."

మౌక్తిక లేచింది. ఆటో ఎక్కి పాండేసర దాకా వచ్చేసరికి ఆమె వీపు చెమటతో తడిసి చీదరగా ఉంది. ఆ పొద్దున ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ మిల్లుకొచ్చాడు. తెల్లటి సగం చేతుల చొక్కా వేసుకున్న పెద్దమనిషి, ఆరో నంబరు ముందు నిలబడి ఏదో రాసుకుంటున్నాడు. మేనేజర్ ఆమెను చూసి, అప్‌డేట్ పెట్టడానికి వచ్చారా, ఇటు రండి, అన్నాడు. ఆమె అటు వెళ్లకుండా ఇన్‌స్పెక్టర్ దగ్గరికి వెళ్లి, ఈ కంప్యూటర్ మీద ఎవరినీ చెయ్యి పెట్టనివ్వకండి, ముందు నేను చెప్పేది వినండి, అంది. హిందీలో గుక్క తిప్పుకోకుండా చెప్పింది. మాటలు తడబడ్డాయి, క్రియలు తప్పాయి. ఆయన మొదట విసుక్కున్నాడు. ఆమె ఫైలు మీది తేదీ చూపించి, తన లాప్‌టాప్‌లో తాను కట్టిన ప్యాకేజీ తీసి, అందులో అదే ఫైలు మీద అదే నిమిషం చూపించాక, కళ్లజోడు పెట్టుకుని వంగి చూశాడు. రెండింటినీ ఫోన్‌తో ఫొటోలు తీశాడు. తర్వాత కంప్యూటర్‌కు సీలు వేయించాడు.

ఫిట్టర్ ఎక్కడ, అని ఆయన అడిగాడు. సెలవులో ఉన్నాడని మేనేజర్ చెప్పాడు. ఇక్కడే ఉన్నాడు, అంది మౌక్తిక.

ఇన్‌స్పెక్టర్ గట్టిగా అడిగితే బట్ట తాన్లు దాచే గది తలుపు తీశారు. నర్సింగం తాన్ల మీద కూర్చుని ఉన్నాడు. మొహం ఒక పక్క ఉబ్బి కన్ను మూసుకుపోయింది. చేతుల మీది బొబ్బలు చితికి చొక్కాకు అంటుకున్నాయి. పేరు పెట్టి పిలిస్తే పలకలేదు. ఇంకోసారి గట్టిగా పిలిచాక, పిలిచిన వైపు కాకుండా రెండో వైపు తల తిప్పాడు. ఎడమ చెవి పోయిందని అప్పటికి ఎవరికీ తెలియదు.

దేవదాస్ సోమవారం మధ్యాహ్నం చనిపోయాడు.

ఆ వారంలోనే మౌక్తిక ఉద్యోగం పోయింది. ఆమె ఎవరికీ చెప్పకుండా సొంత తెలివితో ఫైలు జాబితా మార్చిందని కేతన్‌భాయ్ రాసిచ్చాడు. ప్రశ్న తీసేయమని ఆయన చెప్పిన మాట నోటితో చెప్పినదే కాబట్టి ఎక్కడా లేదు. పోలీసు కేసులో మిల్లు మేనేజర్ పేరు, కేతన్‌భాయ్ పేరు, మౌక్తిక పేరు మూడూ ఎక్కాయి. రాజమండ్రి నుంచి నాన్న ఫోన్ చేసి, ఒక లాయరును అడిగానని, ఇకపై నోరు మూసుకుని ఉంటే కేసులో ఆమె భాగం తేలికవుతుందని అతనన్నాడని, ఆలోచించుకోమని చెప్పాడు. ఆలోచిస్తానని ఫోన్ పెట్టేసింది.

నర్సింగాన్ని చూడటానికి వడోద్ వెళ్లింది. సందు చివర మేడమెట్ల కింది గది. అతని భార్య వినోద తలుపు తీసి, ఎవరో తెలుసుకుని, లోపలికి రమ్మనలేదు, వద్దనా లేదు. పక్కకు తప్పుకుంది. నర్సింగం మంచం మీద కూర్చుని ఆమెను కుడివైపు కూర్చోమన్నాడు, ఆ చెవి వినిపిస్తుందని. ఊరికి వెళ్లిపోతున్నామని, ఒక చెవితో మిల్లులో ఫిట్టర్ పని చేయలేనని చెప్పాడు. మెషిన్‌కు ఎక్కడ రోగం వచ్చిందో శబ్దంలోనే తెలుస్తుంది, అది ఏ వైపు నుంచి వస్తుందో ఇప్పుడు తెలియడం లేదు.

ఆమె క్షమించమంది.

"మీరు అబద్ధం చెప్తె నేను కొట్లాడుదును మేడం," అన్నాడు నర్సింగం. "మీరు చెప్పినయన్నీ నిజాలే. నిజమే చెప్తిరి, నన్ను ఇడిచిపెడ్తిరి. దాని మీద ఏమని కొట్లాడాలె?"

అతని మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేదనుకుంది. వినోద చాయ్ తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టింది. ఆమె తాగింది. నర్సింగం తాగలేదు, దవడ ఇంకా నొప్పిగా ఉంది.

అతను వెళ్లిపోయాక మౌక్తికకు ఒక తెలుగు డాక్టరమ్మ క్లినిక్కులో కంప్యూటర్ పని దొరికింది. కేసు సంగతి చెప్పే చేరింది. కేసు తేలేదాకా ఊరు విడవకూడదు, విడిచినా ఎక్కడికి పోవాలో తెలియదు. ఆమె స్థానంలో కేతన్‌భాయ్ కొత్తవాణ్ని పెట్టుకున్నాడు. మిల్లుల్లో ఇప్పుడు నడుస్తున్నది ఆ శుక్రవారం ఆమె రాసిన స్క్రిప్టే అని, దాని మీద ఆమె పేరు తీసేశారని ఆఫీసులో పనిచేసే ఉమాకాంత్ ఒకరోజు రింగ్ రోడ్ మీద కనబడి చెప్పాడు.

సంతోషి ఊరికి పోలేదు. దేవదాస్‌ది తప్పని, పిన్ను తనే తీసి తొందరపడ్డాడని మిల్లు లాయరు కార్మిక కోర్టులో రాసిచ్చాడు. కాదనడానికి ఆమె తరఫున ఉన్న సాక్షులు ఇద్దరు. ఒకరు జగిత్యాల దగ్గర చెవికి మందు వేసుకుంటున్నారు. రెండో సాక్షి మౌక్తిక. ప్రతి వాయిదాకూ ముందు రోజు సంతోషి ఫోన్ చేస్తుంది. పలకరింపు ఉండదు. వస్తున్నవా, అంటుంది. వస్తున్నాను, అంటుంది మౌక్తిక. పెట్టేస్తుంది.

మూడో వాయిదా రోజున వరండాలో బెంచీ మీద ఇద్దరూ కూర్చున్నారు. సంతోషి తరఫు లాయరు, మౌక్తిక ఇచ్చిన వాంగ్మూలం టైపు చేయించి ఇద్దరికీ చెరో ప్రతి ఇచ్చి లోపలికి వెళ్లాడు. అది ఇంగ్లీషులో ఉంది. సంతోషి కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మౌక్తిక చేతికిచ్చింది.

"సదువు. తెలుగుల చెప్పు."

మౌక్తిక మెల్లగా చదువుతూ తెలుగులో చెప్పుకుంటూ పోయింది. సెన్సర్ సంగతి, నర్సింగం రాసిన అంకె, కేతన్‌భాయ్ తీసేయమన్న ప్రశ్న. "ఆ ఫైలు పోకుండా కాపాడే పద్ధతి నాకు తెలుసు. దానికి సగం రోజు పడుతుంది. తర్వాత చేద్దామని వదిలేశాను." అక్కడ ఆగింది.

"గది మళ్ల సదువు," అంది సంతోషి.

మళ్లీ చదివింది. సంతోషి కదలకుండా విన్నది. తర్వాత, మిగిలింది కూడా చదవమని గడ్డంతో సైగ చేసింది. మౌక్తిక చివరి దాకా చదివింది. మేనేజర్ గదిలో తాను నిలబడి చెప్పిన నాలుగు జవాబులూ, నర్సింగం తెలుగులో అడిగిన మాటా, దానికి తాను చెప్పిన తర్జుమా కూడా అందులో ఉన్నాయి. తనే పట్టుబట్టి రాయించింది.

పన్నెండున్నరకు గుమాస్తా బయటికొచ్చి, అవతలి లాయరు రాలేదు, వచ్చే నెల పంతొమ్మిది, అని చెప్పి వెళ్లాడు. సంతోషి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి రవికలో దోపుకుంది. తొందరగా వెళ్లాలి, ఒంటిగంటకు చీరల కట్ట తీసుకునేవాడు వస్తాడు. ఇద్దరూ గేటు దాకా నడిచారు. వడోద్ వైపు షేరాటో ఒకటి ఆగింది. సంతోషి ఎక్కి, చోటున్నా జరగకుండా అంచున కూర్చుంది.

"పంతొమ్మిది," అంది.

"పంతొమ్మిది," అంది మౌక్తిక.

ఆటో కదిలింది. ఆమె కాసేపు ఎండలో నిలబడి, తర్వాత క్లినిక్కు వైపు నడిచింది.